గాజులో గొంతు

విమానాశ్రయంలో ఆడవాళ్ళ తనిఖీ గది పుష్పవేణిది. రక్షగాజు లేని ఆడపిల్ల ఈ రోజుల్లో ఎక్కడా కనపడదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఆ గాజు ఇంటివాళ్ళ గొంతుతో అరుస్తుంది, అప్పటికీ వదలకపోతే షాక్ కొడుతుంది. విమానంలోకి మాత్రం రానివ్వరు, పెట్టెలో పెట్టినా సరే. గదిలో ఉన్న డబ్బాలో వెయ్యాలి. అందులో పడితే పిండైపోతుంది.

"ఇందులో మా అమ్మ గొంతుందక్కా," అంది తనిఖీకి వచ్చిన ఇందుమతి, గాజు మీద చెయ్యి మూసుకుని. "పోయే ముందు తనే నింపింది. ఆరేళ్ళయింది."

"బయట ఎవరికైనా ఇచ్చి రామ్మా."

"నాతో ఎవరూ రాలేదు. విమానం పది నిమిషాల్లో ఉంది. చెల్లెలికి నొప్పులొస్తున్నాయి, పురుడు పొయ్యడానికి నేను తప్ప ఎవరూ లేరు. మీరు దాచిపెట్టండి."

"దాస్తే నా ఉద్యోగం పోతుంది." పుష్పవేణి తల దించుకుంది. "అమ్మ ఏమందో ఎప్పుడైనా విన్నావా?"

"లేదు. ఇన్నేళ్ళలో నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు."

పుష్పవేణి తలుపు వేసింది. చేతి తొడుగు తీసేసి, ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎవడ్రా నువ్వు? వదులు నా కూతుర్ని," అని గాజు గద్దించింది. ఆ వెంటనే పుష్పవేణికి భుజం దాకా షాక్ కొట్టింది. గాజులో గొంతు మెత్తబడింది. "ఇందూ, భయపడకు. ఇంటికొచ్చెయ్, అన్నం పెడతా."

ఆ మాట పూర్తయ్యేదాకా పుష్పవేణి పళ్ళు బిగబట్టి పట్టుకునే ఉంది.

"చెల్లికి పురుడు పోసొస్తానమ్మా," అంది ఇందుమతి. గాజు తనే తీసి డబ్బాలో వేసింది.