మూడో టేబుల్

పక్క పార్టీ టేబుల్ నుంచి లేచొచ్చిన రఘువీర్ తన్నిన తన్నుకి సంహిత టేబుల్ ఎగిరి ఆమె మూతికి తగిలింది. పెదవి చిట్లింది. రెండు పెద్ద పార్టీలకీ పోటీగా ఆమె పంచుతున్న మూడో పార్టీ కరపత్రాలు, అమెరికాలోని ఆష్‌బర్న్‌లో రోజూ ముందస్తు ఓటింగ్ జరుగుతున్న పోలింగ్ సెంటర్ బయట పార్కింగ్ లాట్ నిండా చెల్లాచెదురయ్యాయి.

"నీ కాండిడేట్ ప్రెసిడెంట్ అవుతాడా? మా ఓట్లు చీల్చడానికి కాకపోతే ఎందుకే ఈ టేబుల్?"

"నాకు నచ్చిన మనిషికి ఓటు అడుగుతున్నా, అంకుల్. మా డాడీది మీకు ఆపోజిట్ పార్టీ. ఆయనే నన్నేమీ అనరు. రోజూ ఇక్కడ డ్రాప్ చేస్తారు."

ఆమెకి కాఫీ తెస్తున్న చక్రధర్, కూతురి గడ్డం మీద రక్తం చూశాడు. కప్పులు విసిరికొట్టి, రఘువీర్ కాలర్ పట్టుకుని మొహం మీద గుద్దాడు. కళ్ళజోడు పగిలింది. కిందపడ్డవాడి గుండెల మీద కూర్చుని మళ్ళీ గుద్దాడు.

"డాడీ, చాలు!" సంహిత ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

"మా ఓట్లు చీలుస్తోందిరా..." రఘువీర్ రక్తం ఉమ్మాడు.

"చీల్చాలనే కదరా, రోజూ నా పిల్లని తెచ్చి ఇక్కడ కూర్చోబెడుతున్నాను!"

సంహిత పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

చక్రధర్ పిడికిలి గాల్లోనే ఆగిపోయింది. లేచి, జేబురుమాలు తీసి ఆమె పెదవికి అద్దబోయాడు. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. టేబుల్ నిలబెట్టి, కరపత్రాలు ఏరుకోసాగింది.

"కార్ ఎక్కమ్మా. కుట్లు వేయించాలి."

"నడిచి వెళ్తాను డాడీ," అంది సంహిత. "రేపు ఇక్కడికి కూడా నడిచే వస్తాను."