చెరిపేసిన పాటలు

"చేసిన తప్పు ఒప్పుకో. ఆ తర్వాతే ఈ గడప దాటు" అన్నాడు దామోదరం.

గడప అవతల పెళ్లి కార్డు పట్టుకుని నిలబడిన తమ్ముడు శివరామ్ తల ఎత్తలేదు. కూతురు ఆశ పెళ్లికి అన్నను పిలవడానికి తిరువొత్తియూరు నుంచి రాయపురం వచ్చాడు. పందొమ్మిదేళ్ల తర్వాత రావడం అది.

"ఆదివారం ముహూర్తం అన్నా. నువ్వూ వదినా ముందుండి జరిపించాల."

"అమ్మ పాటలు ఎందుకు చెరిపేసినావో అది చెప్పు ముందు."

శివరామ్ కార్డు కిటికీలో పెట్టి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

లోపలి నుంచి పొన్నమ్మ మొగుడి మీదికి వచ్చింది. "వాకిట్లోకి వచ్చిన తోడబుట్టినోడికి గుక్కెడు నీళ్లియ్యకుండా పంపిస్తివే! పాటలు పోతే పోనీ. మనిషి పోతే మళ్లా వస్తాడా?"

"వాడే చెరిపినాడు. ఆ పొద్దు చెంప మీద కొట్టి అడిగితే కూడా కాదనలేదు."

ఆ పాటలు వాళ్ల తల్లి మునెమ్మవి. కొత్తగా కొన్న కంప్యూటర్ ముందు ఆవిడను కూర్చోబెట్టి, నలుగు పాటలు పాడించి రికార్డు చేసింది శివరామే. ఆవిడ పోయాక, కర్మలన్నీ ముగిసిన రోజు విందామని చూస్తే ఒక్కటీ లేదు. ఆ రోజే అన్నదమ్ములు విడిపోయారు. ఆ రోజే దామోదరం కంప్యూటర్‌ను గోనెసంచిలో చుట్టి అటక మీదికి ఎక్కించాడు.

ఇప్పుడు నిచ్చెన వేసుకుని దించాడు. "ఇవాళ తేల్చేస్తా" అంటూ ఆటో ఎక్కి వాషర్‌మెన్‌పేట్‌లో కలైవాణి నడిపే కంప్యూటర్ రిపేరు షాపు ముందు దిగాడు.

కలైవాణి సంగతంతా విని, మూత విప్పి దుమ్ము ఊదింది. "ఎన్నేళ్ల నాటిది అంకుల్ ఇది! చెరిపేసినాక మళ్లా వాడినారా?"

"ఒక్క రోజు కూడా లేదమ్మా."

"అట్లయితే చాన్స్ ఉండాది. చెరిపితే పేరే పోతాది. దాని మీద వేరేది ఎక్కించకుంటే లోపల అట్లనే ఉంటాది."

హార్డ్ డిస్కు బయటికి తీసి తన కంప్యూటర్‌కు తగిలించింది. అది మొదట మూలిగింది, తర్వాత కరకరలాడింది. మూడు గంటలు దామోదరం స్టూలు మీది నుంచి లేవలేదు. తెప్పించిన టీ చల్లారిపోయింది.

"ఆరు దొరికినాయి అంకుల్!"

మునెమ్మ గొంతు వినిపించింది. బుగ్గన ఆకూవక్కా పెట్టుకుని పాడే గొంతు. మధ్యలో చరణం మరిచిపోయి, "ఉండరా, తట్టడం లేదు" అని నవ్వింది. దామోదరం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. ఐదు పాటలూ అట్లాగే విన్నాడు.

తర్వాత కళ్లు తుడుచుకుని అడిగాడు. "ఎప్పుడు చెరిపినారో తెలుస్తాదా?"

కలైవాణి తేదీ చదివింది. దామోదరం వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. తల్లి పోవడానికి తొమ్మిది రోజుల ముందు.

"చూసినావా అమ్మా! కన్నతల్లి బతికుండంగానే చెరిపేసినాడు పాపిష్టోడు. ఆ తేదీ కాయితం మీద అచ్చేసి ఇయ్యి. పెళ్లి పందిట్లో నలుగురి ముందర పెడతా."

"ఇస్తా అంకుల్. ఆరోది ఇంకా మిగిలుండాది. అదీ వినేసి పొండి."

మునెమ్మ రెండు చరణాలు పాడింది. తలుపు ధడాలున తెరుచుకున్న శబ్దం. పాట ఆగిపోయింది.

"ఏందిరా ఈ గోల?" ఒక మగ గొంతు అరిచింది. "రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పండుకున్నోడికి నిద్ర వద్దా? చెరిపేయ్ అన్నీ. ఇప్పుడే, నా కండ్ల ముందర!"

"వద్దన్నా... అమ్మ పాటలన్నా ఇవి" శివరామ్ గొంతు బతిమాలింది.

"అమ్మ యాడికి పోతాది? ఈడనే ఉండాది కదా, రేపు మళ్లా పాడతాది! చెరిపేయరా అంటే!"

టక్కున ఆగిపోయింది.

"పాపం, ఎంత బతిమాలినాడో మీ తమ్ముడు" అంది కలైవాణి. "ఎవరు అంకుల్ ఆ అరిచింది?"

దామోదరం స్టూలు మీది నుంచి లేచాడు.

"నేనేనమ్మా. నిద్రమత్తులో అరిచి, మరిచేపోయినా."