గ్రహశకలానికి పెట్టిన పేరు

నందిని గనుల కాలనీలో ఒంటరిగా ఉండే లెక్కల టీచరు భానుమతి, దగ్గర్లోని హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే రవికాంత్ కలిసి టెలిస్కోపు ఫొటోలు గాలించి ఒక గ్రహశకలాన్ని కనిపెట్టారు. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే ఆ రాయికి పేరు సూచించే హక్కు ఆరేళ్లకు వాళ్లకు దక్కింది.

ఆ రాత్రి భానుమతి కంప్యూటరు తెరిచేసరికి రవికాంత్ అప్పటికే పేరు పంపేశాడు. ‘భానుమతి’ అని పెట్టి, కింద కారణం రాశాడు: ‘దీన్ని కనిపెట్టిన స్వర్గీయ భానుమతి జ్ఞాపకార్థం.’

తనను చనిపోయినట్టు చూపించి, ఘనతంతా అతనొక్కడే కొట్టేద్దామని చూస్తున్నాడేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"ఏటి రవీ ఇది? బతికుండగానే చంపీసేవా?"



"ఎవరండీ మీరు?" అన్నాడు రవికాంత్.

"భానుమతినిరా!"

"మజాక్ చెయ్యకండి. భానుమతి దీదీ సాయంత్రం నుంచి మా ఇంట్లోనే ఉన్నారు. అది ఆవిడే రాయించారు. స్వర్గీయ ఎందుకని అడిగితే, తెల్లారేసరికి నిజమైపోద్దిలే అన్నారు."

ఫోన్‌లో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ వెనకే ఒక ఆడగొంతు నెమ్మదిగా దగ్గరకొచ్చింది.

"పద రవీ, నన్ను నందిని కాలనీలో దింపీ."

అది భానుమతి గొంతే.