పక్కకొట్టు వారికి అభ్యంతరం లేదు

“టీ చల్లారిపోతోంది అన్నయ్యా, ముందు తాగండి.”

పక్కకొట్టు పిండిమర చెల్లెమ్మ గ్లాసు బల్ల మీద పెట్టి, అద్దాల బీరువా మీద పేరుకున్న పిండి తుడవబోయింది. కళ్ళద్దాల కొట్టాయన గబుక్కున లేచి అడ్డుపడ్డాడు.

“నువ్వు తుడవడమేమిటమ్మా! ఉండనీ.”

“మా మర దుమ్మే కదా. సోమవారం నుంచి ఈ బెడద కూడా ఉండదు లెండి.”

ఆ మాటకు అతని గుండె కలుక్కుమంది. కాలనీ షాపింగ్ సెంటర్లో సరుకు అమ్ముకోవచ్చు గానీ యంత్రాలు నడపకూడదట. ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టని ఆ నిబంధనను మునిసిపల్ ఆఫీసుకు గుర్తుచేసిన పుణ్యాత్ముడు ఈ కళ్ళద్దాల కొట్టాయనే. సోమవారంలోగా మర తీసేయమని ఆమెకు నోటీసొచ్చింది. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇల్లు గడుస్తున్నది ఈ మర మీదే.

చేసేముందు అతనికి అది న్యాయంగానే తోచింది. మూడు నెలల కిందట, అమ్మకాల చోట వైద్యం కూడదని ఎవరో ఫిర్యాదు చేస్తే, అతని కొట్టు వెనకాల ఉన్న కంటి పరీక్షల గది మూయించారు. డాక్టరు వెళ్ళిపోయాడు, ఆయన వెంటే సగం గిరాకీ పోయింది. ఈగలు తోలుకుంటూ కూర్చున్నవాడికి, పక్కన మర ముందు బారులు తీరిన డబ్బాలు చూస్తే కడుపు మండదూ? నాకు వర్తించిన నిబంధన ఆవిడకు వర్తించదా అనుకున్నాడు. కుళ్ళు! శుద్ధ కుళ్ళు!

“ఆ ఫిర్యాదు చేసినవాడి నోట్లో మన్ను పడ!” అని అతను రోజూ శాపనార్థాలు పెడుతుంటే, ఈ పిల్లే టీ తెచ్చి ఓదార్చేది. గది మూతపడిన మర్నాటి నుంచి ఒక్కరోజు మానలేదు. డాక్టరున్న రోజుల్లో అతని గిరాకీ బళ్ళు తన గుమ్మానికి అడ్డంగా నిలబెట్టినా పల్లెత్తు మాట అనలేదు. అలాంటి మనిషి పొట్ట కొట్టాడు తను.

గ్లాసు అలాగే వదిలేసి, కొట్టుకు తాళం వేసి, మునిసిపల్ ఆఫీసుకు పరుగెత్తాడు.

“నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టరుతో.

“ఇదేమన్నా అంగట్లో కొన్న చొక్కానా, నచ్చలేదని తిరిగిచ్చేయడానికి?”

“ఆ పిల్ల రోడ్డున పడుతుందండీ! ఏదో ఒక దారి చూపించండి.”

ఇన్‌స్పెక్టరు నెత్తి గోక్కున్నాడు. “చిన్న మోటారే కాబట్టి ఒక వెసులుబాటుంది. అభ్యంతరం లేదని పక్కకొట్టాయన సంతకం పెడితే ప్రత్యేక అనుమతి ఇస్తాం. అంత మంచి పక్కకొట్టాయన దొరకొద్దూ?”

“ఆ పక్కకొట్టు నాదేనండీ.”

ఇన్‌స్పెక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. “మంట పెట్టిందీ మీరే, ఆర్పేదీ మీరేనా? బావుంది వరస!” అంటూ కాగితం ముందుకు తోశాడు.

మర ఉంటుందన్న మాట చెవిన పడగానే చెల్లెమ్మ మోటారు ఆపేసి, పిండి చేతులతోనే దండం పెట్టింది. “దేవుడిలా వచ్చారన్నయ్యా!”

అక్కడితో ఊరుకుంటే పోయేది. నోరు మెదపకపోతే దేవుడిగానే ఉండిపోవచ్చు. కానీ ఆ దండం చూసేసరికి అతని ప్రాణం చచ్చిపోయింది.

“దండం పెట్టకమ్మా, నాకు పాపం తగులుతుంది. నీ మర మీద ఫిర్యాదు చేసింది నేనే.”

ఆమె ముఖం పాలిపోయింది. పక్కనున్న స్టూలు మీద కూలబడింది. తిట్టినా బావుణ్ణనిపించింది అతనికి.

“బుద్ధి గడ్డి తిందమ్మా! నువ్వు నన్ను సొంత అన్నలా చూసుకుంటుంటే, నేను నీ నోటి దగ్గర కూడు లాగేయబోయాను. నాలుగు తన్నినా పడతాను.”

“అలా అనకండి,” అంటూ ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఎందుకనకూడదు? ఇంత మంచిదానివి, నీకు ద్రోహం చేసినవాణ్ణి ఏమనాలి?”

ఆమె తల ఎత్తలేదు.

“మీ గది మూయించింది నేనే, అన్నయ్యా.”