ఎరకు మత్తుమందు

“వానపామును కొక్కేనికి గుచ్చడానికే చేతులు వణికితే, రేపు నా పొట్టేం కోస్తారు అల్లుడుగారూ?” ఏటి ఒడ్డున గాలం పట్టుకుని కూర్చున్న మామగారు అడిగారు.

ఆయన హెర్నియా ఆపరేషన్‌ను ఇప్పటికి మూడుసార్లు ఎగ్గొట్టారు. చేయాల్సిన డాక్టరు ఈ అల్లుడే.

“రోజుకు నాలుగు పొట్టలు కోస్తాను మామయ్యగారూ. ఇది వేరు.”

“ఏం వేరు? జానెడైనా లేదు!”

“ఎలా మెలికలు తిరుగుతోందో చూడండి. మత్తివ్వకుండా ఎలా గుచ్చమంటారు?”

“ఇలా తెండి, నేను గుచ్చుతాను.”

అల్లుడు చటుక్కున గుప్పిట మూశాడు. తడిమట్టిని వేలితో గీకి, వానపామును అందులో వదిలి, పైన కాసిని నీళ్లు చిలకరించాడు. “భయపడకు నాన్నా, ఏం కాదు” అని మెల్లగా చెప్పాడు కూడా.

మామగారు ఆ వేళ్ళనే చూశారు. వణుకు లేదు.

ఆయన గాలం చుట్టేశారు.

“అప్పుడేనా? ఒక్క చేపా పడలేదుగా!”

“మూడుసార్లూ నాకు ‘ఖాళీ కడుపుతో రండి’ అని మాత్రమే చెప్పారు. వానపాముకు చెప్పిన మాట నాకూ చెబితే, రేపు కచ్చితంగా వస్తాను.”

రెండడుగులు వేసి, వెనక్కి తిరిగారు.

“‘నాన్నా’ అనక్కర్లేదు లెండి.”