ఏడో నంబరు కుర్చీ

డప్పు మీద ఏడో దెబ్బ పడింది. ప్రేక్షకుల గ్యాలరీలో ఒక్క మనిషి మాత్రం లేవలేదు.

లక్ష్మిప్రసన్న డప్పు దించి అటు చూసింది.

చివరి వరసలో కూర్చున్నాడు. ఒంటి మీద కంపెనీ యూనిఫాం. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తల వంచుకున్నాడు.

"ఎవరే ఆయన? స్వామి కోసం కూడా లేవడా?"

"ఎవరో సిత్రా లేబర్ క్యాంపు మనిషిలే. ఈ గల్ఫ్ ఎండకి తాళలేక ఏసీ కోసం వచ్చుంటాడు" అంది పక్కనున్న స్నేహితురాలు సత్యకుమారి.

స్వామి వీళ్ల కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఏడో నంబరు. పోయినేడు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటి నుంచి ప్రతి మ్యాచ్‌లో ఆటగాళ్ల బెంచీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, దాని మీద అతని జెర్సీ వేస్తున్నారు. ఆట మొదలయ్యే ముందు డప్పు మీద ఏడు దెబ్బలు కొడతారు. అందరూ లేచి నిలబడతారు.

ఈసారి కప్పు గెలిచి ఆ కుర్చీలో పెట్టాలని జట్టు ఒట్టు పెట్టుకుంది.

లక్ష్మిప్రసన్న కాలేజీలో చేరింది ఈ ఏడే. స్వామిని చూడలేదు. చూసినవాళ్లు చెప్పగా విన్నది. అతను బంతి వేస్తున్న ఫొటో ఫోను మీద పెట్టుకుంది. డప్పు తనే అడిగి తీసుకుంది. ఒక్క మ్యాచ్ కూడా మానలేదు.

సగం ఆట అయ్యాక ఆ మనిషి దగ్గరికి వెళ్లింది.

"అంకుల్, డప్పు కొట్టినప్పుడు అందరూ లేవాలి."

"తెలుసు బిడ్డా. మోకాళ్లు నిలువనిస్తలెవ్వు."

"చనిపోయినవాళ్ల కోసం ఒక్క నిమిషం నిలబడలేరా?"

ఆయన ఆమె చేతిలోని డప్పు వైపు చూశాడు.

"మంచిగ కొడుతున్నవ్" అన్నాడు.

ఆ రోజు జట్టు ఓడిపోయింది.

తర్వాతి మ్యాచ్‌కి ఆయన రాలేదు. జట్టు గెలిచింది.

ఆ పై మ్యాచ్‌కి వచ్చాడు. ఓడిపోయింది.

"ఐరన్ లెగ్గే బాబూ!" అంది సత్యకుమారి. "ఆయన కాలు పెడితే మనవాళ్లకి బుట్ట కనిపించడం మానేస్తుంది."

లక్ష్మిప్రసన్న మొదట నవ్వింది. మరోసారి ఆయన వచ్చి, మరోసారి జట్టు ఓడాక నవ్వలేదు.

ఆయన రాని రోజుల్లో గెలుస్తూ, జట్టు ఎలాగో ఫైనల్‌కి చేరింది.

ఫైనల్ రోజున లక్ష్మిప్రసన్న తలుపు దగ్గర డ్యూటీ అడిగి వేయించుకుంది.

"డప్పు?" అంది సత్యకుమారి.

"ఏడు దెబ్బలు నువ్వు కొట్టు. నేను ఆయన్ని చూసుకుంటాను."

ఆయన వచ్చాడు. ఈసారి యూనిఫాం లేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు.

"పాస్ ఉందా అంకుల్?"

"పాస్ లేదు బిడ్డా. నన్ను రమ్మన్నరు."

"ఎవరు?"

"కోచ్ సారు."

"ఇందాకటి నుంచి వచ్చినవాళ్లంతా కోచ్ పేరే చెప్తున్నారు."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఆమె అడ్డం వచ్చింది.

"ఏమీ అనుకోకండి అంకుల్. మీరు వచ్చిన ప్రతి మ్యాచ్ మావాళ్లు ఓడిపోయారు. ఈ ఒక్కటీ వదిలేయండి. ఇది మాకు మామూలు కప్పు కాదు. స్వామి కోసం ఆడుతున్నారు."

ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. లోపల డప్పు మొదలైంది. ఆయన గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. ఏడు దెబ్బలూ అయ్యేదాకా తియ్యలేదు.

"నిజమే బిడ్డా" అన్నాడు. "నేనచ్చినప్పుడల్లా ఓడిన్రు. నాక్కూడా గట్లనే అనిపించింది."

"అది కాదు అంకుల్..."

"ఏం గాదు. పోరగాళ్లు గెలువాలె. నేను పోత."

మెట్లు దిగి బస్టాపు వైపు నడిచాడు.

జట్టు గెలిచింది. చివరి బంతి బుట్టలో పడ్డాక గంట మోగింది. లక్ష్మిప్రసన్న తలుపు వదిలేసి లోపలికి పరిగెత్తింది. సత్యకుమారి చేతిలోంచి డప్పు లాక్కుని, చెయ్యి మండేదాకా కొట్టింది.

"చూశావా? నేను చెప్పలా!" అని అరిచింది సత్యకుమారి.

కోచ్ మంగరాజు మైకు తీసుకున్నాడు.

"ఈ కప్పు స్వామిది. దీన్ని ఆ కుర్చీలో పెట్టాల్సింది వాళ్ల నాన్న. నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. లింబాద్రి గారూ, ముందుకి రండి."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. లక్ష్మిప్రసన్న కూడా చప్పట్లు కొడుతూ చూసింది.

ఎవరూ లేవలేదు.

కోచ్ ఫోన్ తీసి నంబరు కలిపి, మైకు దగ్గర పెట్టాడు.

రింగు హాలంతా వినిపించింది.

"గెలిసిన్రా సార్?" అంది అవతలి గొంతు.

లక్ష్మిప్రసన్న చప్పట్లు ఆగిపోయాయి.

"గెలిచాం లింబాద్రి గారూ. మీరేరి? వస్తానన్నారుగా?"

బస్సు చప్పుడు వినిపించింది.

"డ్యూటీ పడ్డది సార్" అన్నాడు, తలుపు దగ్గర ఆమె వెనక్కి పంపేసిన మనిషి. "కప్పు నా కొడుకు కుర్చీల ఆ డప్పు కొట్టే బిడ్డతోని పెట్టియ్యున్రి."