పుత్తూరు దోవ

వరండాలో ఉండే ముసలాయన ఆసుపత్రోళ్లు పెట్టుకున్న మనిషంట, రోగుల్ని వేరేచోటికి పోనీకుండా కాపలా కాస్తాడంట. కోమలి నాయన మునిరత్నాన్ని చూడవచ్చిన పక్కింటి పంకజాక్షి, టీకొట్టు ఆమె చెప్పిందంటూ ఈ మాట కోమలి చెవిన వేసి చంద్రగిరి బస్సెక్కింది.

నిజమే కాబోలనుకుంది కోమలి. వార్డులో ఆ ముసలాయనకు చుట్టమెవరూ లేరు. అయినా పొద్దున్నే వైరుబుట్టతో వచ్చి కూర్చుంటాడు.

మునిరత్నానికి గుండెపోటు వచ్చిన నాలుగో రోజు, గుండెగదుల నడిమిగోడకు చిల్లి పడింది.

"ఆ గోడ ఇప్పుడు నానిన అట్టలా ఉంది. కుట్టు నిలవదు. గుండెకు సాయంగా కొట్టుకునే బెలూన్ మిషను ఆసరాతో వారం కాపాడితే అంచులు గట్టిపడతాయి. అప్పుడు ప్యాచ్ వేస్తాం. ఈలోపు ఏమైనా జరగొచ్చు. కదిలిస్తే మరీ ప్రమాదం" అన్నాడు డాక్టరు.

చిల్లి పెట్టుకుని వారం ఊరికే చూస్తారా? కోమలి మద్రాసుకు అంబులెన్సు మాట్లాడింది.

వరండాలోని పెద్దాయన లేచి వచ్చాడు.

"యా దోవన పోతారు మ్మా? పుత్తూరు మిందనా?"

"నీకెందుకు?"

"బెలూన్ మిషను దోవలో ఆగిపోతే సూసేవాళ్లు ఉండారా? అడిగినావా?"

"ఇవన్నీ నీకెట్ల తెలుసు? ఎంతిస్తారేం నీకు ఈడ?"

స్ట్రెచరు రాగానే ఆయన పోయి లిఫ్టు తలుపుకు అడ్డంగా కూలబడ్డాడు.

"నన్ను తొక్కి పోండి."

కోమలి కేకలకు వాచ్‌మన్ వచ్చి, రెక్క పట్టుకుని ఆయన్ని గేటు బయటికి ఈడ్చాడు. వైరుబుట్ట దొర్లింది. ఆ రభసలోనే, స్ట్రెచరు మీదున్న మునిరత్నానికి బీపీ పడిపోయింది. డాక్టరు పరుగున వచ్చాడు. ప్రయాణం ఆగింది.

వారం గడిచాక ప్యాచ్ వేశారు. గోడ నిలిచింది. మునిరత్నం లేచి కూర్చుని రాగిజావ అడిగాడు.

కోమలి తిరుమల లడ్డు పట్టుకుని వరండా అంతా వెతికింది.

"సిస్టర్, ఆ పెద్దాయన యాడ?"

"గేటు కాడ రానీరు ఇప్పుడు. మీరేగదా కంప్లైంటు పెట్టింది?" అంది నర్సు స్టెల్లా.

పక్క మంచం ఖాళీగా ఉంది.

"వీళ్లేరి?"

"మీ నాయన మాదిరి కేసే. నిన్న మద్రాసుకు తీసకపోయినారు. అడ్డం పడేవాళ్లు ల్యాకపోయిరి."

కోమలి గొంతు తగ్గింది.

"ఇంతకీ ఆయనెవరు సిస్టర్? ఆసుపత్రి మనిషి కాదా?"

స్టెల్లా తల ఎత్తకుండానే సెలైన్ సీసా మార్చింది.

"పోయినేడు ఆయన భార్యకూ ఇదే గోడ చిరిగింది. మేం వద్దంటే ఇనకుండా మద్రాసుకు తీసకపోయినాడు. పుత్తూరు దాటల్యా."